రైష్‌టాగ్ లోపలికి వెళ్ళొచ్చా

జర్మనీలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు బెర్లిన్ వెళ్తే బ్రాండెన్‌బుర్గ్ గేట్ దగ్గర ఫోటోలు, అలెగ్జాండర్‌ప్లాట్జ్, గోడ మిగిలున్న ఈస్ట్ సైడ్ గ్యాలరీ, టైం ఉంటే ఎక్కడో బిర్యానీ, అంతే, సాయంత్రం ట్రైన్‌కి వెనక్కి వచ్చేస్తారు. ఆ గేట్ నుంచి ఐదు నిమిషాలు నడిస్తే ఈ దేశ పార్లమెంటు బిల్డింగ్ రైష్‌టాగ్ ఉంది. లోపలికి ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు, ఈ దేశ పౌరులై ఉండక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పేరు, పుట్టిన తేదీ ఇచ్చి స్లాట్ బుక్ చేసుకుంటే చాలు. ఇది చాలామందికి తెలీకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నాకు ఈ బిల్డింగ్ చూడాలన్న కోరిక జర్మనీ రాకముందు నుంచే ఉంది. మాది తుళ్ళూరు మండలం. రాజధాని కోసం మా చుట్టుపక్కల ఊళ్ళ రైతులు 33 వేల ఎకరాల పైచిలుకు భూమి ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు, అందులో మా తాతయ్య పొలం కూడా ఉంది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. అప్పటిదాకా మా ఇంట్లో పత్తి రేటు, మిరప తెగులు గురించి మాట్లాడుకునేవాళ్ళు, ఆ తర్వాత అసెంబ్లీ ఎక్కడొస్తుంది, హైకోర్టు ఎక్కడొస్తుంది అనేవే కబుర్లు. గవర్నమెంట్ కాంప్లెక్స్ డిజైన్ లండన్‌లో ఉండే ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ వాళ్ళు చేస్తున్నారని తెలిసినప్పుడు మా బాబాయ్ వాళ్ళు ఇంతకుముందు ఏమేం కట్టారో ఫోన్లో వెతికి చూపించాడు, అందులో బెర్లిన్ పార్లమెంటు మీద గాజు గోపురం ఫోటో ఉంది, తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "దాని మీద మనుషులు నడుస్తున్నారేంట్రా" అన్నారు. ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నా. ఇక్కడి నుంచి బెర్లిన్‌కి ఆర్‌ఈ వన్ రీజనల్ ట్రైన్ నేరుగా ఉంది, బ్రాండెన్‌బుర్గ్ ఊరు, పోట్స్‌డామ్ మీదుగా రెండు గంటల లోపే దింపేస్తుంది, డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా లోకల్, రీజనల్ ట్రైన్లకి పనికొచ్చే నెల పాస్, ఉన్నవాళ్ళకి ఎక్స్‌ట్రా ఖర్చు లేదు. ముగ్గురం వెళ్ళాం. నేను, మా డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒక వరంగల్ తమ్ముడు, నా క్లాస్‌మేట్ కజకిస్తాన్ అమ్మాయి. ఆ అమ్మాయి రావడం ఎంత మంచిదైందో తర్వాత చెప్తా. స్టేషన్ నుంచి స్ప్రే నది దాటితే పది నిమిషాల్లో బిల్డింగ్ ముందు పచ్చిక మైదానంలో ఉంటాం, జనం పిల్లల్ని వేసుకుని అక్కడ కూర్చుని బన్నులు తింటుంటారు, ఒక దేశ పార్లమెంటు గుమ్మం ముందు.

అందరూ రైష్‌టాగ్ అనే అంటారు కానీ అది బిల్డింగ్ పేరు, లోపల కూర్చునే సభ బుండెస్‌టాగ్. పాల్ వాలోట్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్‌తో 1884లో మొదలుపెట్టి 1894కి కట్టారు, అప్పుడు జర్మనీకి చక్రవర్తి ఉన్నాడు. ముందు స్తంభాల పైన పెద్ద అక్షరాలు కనిపిస్తాయి, జర్మన్ ప్రజలకు అని. అవి కట్టినప్పుడు పెట్టలేదు, ఆ చోటు 22 ఏళ్ళు ఖాళీగా ఉండిపోయింది, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో 1916లో పెట్టారు. నెపోలియన్ యుద్ధాల్లో ఫ్రెంచ్ వాళ్ళ దగ్గర పట్టుకున్న ఫిరంగుల్ని కరిగించి ఆ అక్షరాలు పోశారు. పోసింది లోవీ అనే యూదు కుటుంబం వాళ్ళ ఫౌండ్రీ. తర్వాత అదే కుటుంబంలో వాళ్ళని నాజీలు చంపేశారు. ఇది చదివాక ఆ అక్షరాల వైపు ఊరికే చూసి వెళ్ళిపోవడం కుదరదు.

లోపలికి వెళ్ళేముందు ఇంకొకటి చూడాలి, చాలామంది గమనించకుండా దాటేస్తారు. బిల్డింగ్‌కి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు మూలన, రోడ్డు పక్కన, సన్నటి నల్ల పలకలు నిలువుగా ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి, పై అంచులు విరిగినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. మొత్తం 96. ఒక్కో పలక మీద ఒక ఎంపీ పేరు, పార్టీ, ఎక్కడ ఎప్పుడు చనిపోయారో రాసి ఉంటుంది. హిట్లర్ వచ్చాక నాజీలు చంపేసిన పార్లమెంటు సభ్యులు వాళ్ళు. జనం ఓట్లేసి గెలిపించిన వాళ్ళు. మేం వంగి కొన్ని చదివాం, ఎక్కువ పలకల మీద కమ్యూనిస్టు, సోషల్ డెమోక్రాట్ పార్టీల పేర్లే, ఊరు అన్నచోట కాన్సంట్రేషన్ క్యాంపుల పేర్లు.

సెక్యూరిటీ ఎయిర్‌పోర్ట్‌లో లాగే, బ్యాగు స్కానింగ్, పాస్‌పోర్ట్ చూసి లిస్టులో పేరు టిక్ పెట్టుకోవడం. మా పేర్లు పలకడానికి ఆ ఆఫీసర్ కొంచెం కష్టపడి, నవ్వి, మళ్ళీ సరిగ్గా పలికి పంపించాడు. మేం బుక్ చేసింది గంటన్నర ఇంగ్లీష్ గైడెడ్ టూర్, అది అయ్యాక గోపురం మీదికి వదిలేస్తారు. ఉత్త గోపురం స్లాట్ కూడా ఉంటుంది కానీ నా మాట విని టూరే తీసుకోండి, ఎందుకంటే ఈ బిల్డింగ్‌లో అసలు విషయం గోడల మీద, నేలమాళిగలో ఉంది, అవి టూర్‌లోనే చూపిస్తారు.

గోడల సంగతి. 1945 ఏప్రిల్ చివర్లో సోవియట్ సైన్యం బెర్లిన్‌లోకి వచ్చినప్పుడు ఈ బిల్డింగ్ కోసమే పెద్ద యుద్ధం జరిగింది. పట్టుకున్నాక సైనికులు లోపల గోడల నిండా కాలిన బొగ్గుతో, రంగు చాక్‌లతో పేర్లు రాసుకున్నారు. తర్వాత రిపేర్లలో వాటి మీద ప్లాస్టర్ బోర్డులు కొట్టేశారు, అందరూ మర్చిపోయారు. 90ల్లో ఈ బిల్డింగ్‌ని పార్లమెంటు కోసం మళ్ళీ బాగుచేసిన ఫోస్టర్ టీమ్ ఆ బోర్డులు ఊడదీస్తే కింద ఆ రాతలు అలాగే ఉన్నాయి. ఏం చేయాలి? సొంత పార్లమెంటు గోడ మీద మనల్ని ఓడించిన సైన్యం రాతలు ఎందుకు అని అడిగినవాళ్ళు ఉన్నారు, తర్వాత కూడా తీసేయాలని గొడవ చేసినవాళ్ళు ఉన్నారు. చివరికి రష్యన్ దౌత్యవేత్తలతో మాట్లాడి బూతులు, జాతి ద్వేషం మాటలు ఉన్నవి తీసేసి మిగతావి ఉంచేశారు. ఎంపీలు సభకి వెళ్ళే కారిడార్‌లోనే ఉంటాయి అవి. రోజూ వాటి పక్కనుంచే నడిచి వెళ్ళి కూర్చోవాలి.

మా గైడ్ ఇదంతా చెప్తుంటే మా కజక్ అమ్మాయి గోడ దగ్గరికి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది. మాకు ఆ రష్యన్ అక్షరాలు ఉత్త గీతలు, తనకి పేర్లు. ఒక్కో పేరు పైకి చదివి, ఇది జార్జియా వాళ్ళ ఇంటిపేరు, ఇది ఆర్మేనియా వాళ్ళది, ఇది మా వైపు పేరు లాగుంది అని చెప్పింది. కొందరు పేరు కింద వాళ్ళ ఊరు రాశారు, కొందరు ఏ ఊరి నుంచి బయల్దేరి ఏ దారిన బెర్లిన్ దాకా వచ్చారో రాశారు. పెద్ద నినాదాలు కాదు, మేం ఇక్కడిదాకా వచ్చాం, బతికున్నాం అని చెప్పుకోవడమే ఎక్కువ. గ్రూప్‌లో మిగతావాళ్ళు కూడా గైడ్‌ని వదిలేసి తన చుట్టూ చేరారు, గైడ్ ఏమీ అనుకోలేదు, ఆవిడ కూడా పక్కన నిలబడి విన్నది. వాళ్ళ దేశంలో రహీంజాన్ కోష్కర్‌బాయెవ్ అనే లెఫ్టినెంట్ పేరు చిన్నపిల్లలకి కూడా తెలుసంట, 1945 ఏప్రిల్ 30న బులాతోవ్ అనే ఇంకో సైనికుడితో కలిసి పాక్కుంటూ వచ్చి ఈ బిల్డింగ్ మీద ఎర్రజెండా పెట్టింది ఆయనే అని చెప్పింది. మనం అందరం చూసిన ఆ ఫేమస్ ఫోటో, పైకప్పు మీద జెండా ఎగరేస్తున్నది, అది రెండు రోజుల తర్వాత మే 2న ఖాల్దేయ్ అనే ఫోటోగ్రాఫర్ తీయించింది. తన ముత్తాత ఈ యుద్ధంలోనే ఎక్కడో చనిపోయాడంట, ఎక్కడో ఇంట్లో ఎవరికీ తెలీదంట, అందుకే ప్రతి పేరూ చదివింది. గైడ్ ముందుకు రమ్మని తొందర పెట్టలేదు. ఆ గైడ్‌కి నేను రుణపడి ఉన్నా.

నేలమాళిగలో ఇంకోటి ఉంది. క్రిస్టియాన్ బోల్టాన్‌స్కీ అనే ఫ్రెంచ్ కళాకారుడు చేసింది. తుప్పు రంగు రేకు డబ్బాలు, నేల నుంచి పైకప్పు దాకా గోడల్లాగా పేర్చేశాడు, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు, మసక బల్బులు. దాదాపు 5 వేల డబ్బాలు. 1919 నుంచి 1999 దాకా ఈ దేశంలో జనం ఓటుతో గెలిచిన ప్రతి ఎంపీకి ఒక డబ్బా, దాని మీద పేరు. పశ్చిమ జర్మనీ మొదటి చాన్సలర్ ఆడెనావర్‌కీ ఒకటే, ఎవరికీ గుర్తులేని మనిషికీ ఒకటే, అన్నీ ఒకే సైజు. నాజీల చేతిలో చనిపోయిన వాళ్ళ డబ్బాల మీద నల్లటి గీత ఉంటుంది. హిట్లర్ డబ్బా కూడా ఉంది. ఎందుకు పెట్టారు అని మా తమ్ముడు అడిగేశాడు, గైడ్ చెప్పింది, నాజీలు కూడా ఎలక్షన్లలో ఓట్లతోనే ఈ సభలోకి వచ్చారు, దాచిపెడితే అబద్ధం అవుతుంది అని. 1933 నుంచి 1945 దాకా సరైన ఎలక్షన్ లేదు కాబట్టి ఆ 12 ఏళ్ళకి కలిపి ఒకే ఒక నల్ల డబ్బా, పేరు లేకుండా.

పదో తరగతి సోషల్‌లో హిట్లర్ పాఠం మేం మార్కుల కోసం చదివాం. 1933 ఫిబ్రవరి 27 రాత్రి ఈ బిల్డింగ్ కాలిపోయింది, లోపల వాన్ డెర్ లుబ్బే అనే డచ్ కుర్రాడు దొరికాడు, కమ్యూనిస్టుల కుట్ర అని నాజీలు ప్రచారం చేశారు. మర్నాడే ఒక ఆర్డర్ తెచ్చారు, మాట్లాడే హక్కు, పత్రికల హక్కు, సభ పెట్టుకునే హక్కు అన్నీ రద్దు, కమ్యూనిస్టు ఎంపీల్ని పట్టుకెళ్ళిపోయారు. నెల తిరక్కుండా మార్చి 23న, పార్లమెంటు లేకుండానే హిట్లర్ గవర్నమెంట్ చట్టాలు చేసుకోవచ్చు అనే చట్టానికి ఓటింగ్ పెట్టారు. ఈ బిల్డింగ్ కాలిపోయింది కాబట్టి ఎదురుగా ఉండే క్రోల్ ఒపెరా హౌస్‌లో పెట్టారు, హాల్లో యూనిఫాం వేసుకున్న నాజీ గూండాల్ని నిలబెట్టి. ఆటో వెల్స్ అనే సోషల్ డెమోక్రాట్ నాయకుడు లేచి, మా స్వేచ్ఛనీ ప్రాణాన్నీ తీసుకోగలరు, మా గౌరవాన్ని తీసుకోలేరు అన్నాడు. ఆయన పార్టీ వాళ్ళు 94 మంది వద్దని ఓటేశారు, 444 మంది సరే అన్నారు. గైడ్ కిటికీలోంచి ఆ ఒపెరా హౌస్ ఉన్న చోటు చూపించింది, ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. తాళం పడింది ఒక్క నెలలో. ఆ 94 మంది ఇంటికి ఎలా వెళ్ళి ఉంటారు, ఆ రాత్రి ఇంట్లో వాళ్ళతో ఏం మాట్లాడి ఉంటారు అని నాకు ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

తర్వాత సభ. పైన ఉండే గ్యాలరీలో కూర్చోబెట్టి చెప్తారు. ముందు మొత్తం కళ్ళని లాగేసేది ఆ గద్ద, వెండి రంగులో గోడంత పెద్దది, రెండున్నర టన్నుల బరువు. పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో పార్లమెంటు ఉన్నప్పుడు లుడ్విగ్ గీస్ అనే శిల్పి 1953లో చేసిన గద్దనే పెద్దది చేసి ఇక్కడ పెట్టారు, లావుగా ఉంటుందని జర్మన్లు ముద్దుగా బొద్దు కోడిపెట్ట అంటారంట. కుర్చీలు నీలం. ఎలక్షన్ అయిన ప్రతిసారీ ఏ పార్టీకి ఎన్ని వచ్చాయో చూసి కుర్చీల్ని ఊడదీసి మళ్ళీ బిగిస్తారు, 2025 ఫిబ్రవరి ఎలక్షన్ తర్వాత ఇప్పుడు 630 మంది. చేతులెత్తితే ఎవరు ఎక్కువో తేలనప్పుడు అందరూ బయటికి వెళ్ళి మూడు తలుపుల్లోంచి లోపలికి రావాలి, అవును, కాదు, తటస్థం, తలుపు దగ్గర మనుషులు నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెడతారు, పేరు కూడా అదే పెట్టుకున్నారు. ఎవరో ఒకాయన టీవీలో చూస్తే సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి ఎందుకు అని అడిగారు, అసలు పని కమిటీల్లో జరుగుతుంది, ఒక సబ్జెక్ట్ మీద చర్చ ఉంటే ఆ సబ్జెక్ట్ చూసేవాళ్ళే ఎక్కువ వస్తారు అని గైడ్ చెప్పింది. అంత నమ్మకంగా అనిపించలేదు నాకు, కానీ రోజూ వచ్చే ప్రశ్న అని ఆవిడే ఒప్పుకుంది.

అసలు ఈ సభ బెర్లిన్‌కి రావడమే అంచు మీద నడిచింది. రెండు జర్మనీలు కలిశాక రాజధాని ఎక్కడ ఉండాలి, పార్లమెంటు బాన్‌లోనే ఉండాలా బెర్లిన్ రావాలా అని 1991 జూన్ 20న రోజంతా చర్చించి ఓటేస్తే బెర్లిన్‌కి 338, బాన్‌కి 320. పద్దెనిమిది ఓట్ల తేడా. రాజధాని ఎక్కడ అనే మాట మీద ఊళ్ళు ఊళ్ళు నిద్రపోకుండా ఉండటం అంటే ఏంటో మా తుళ్ళూరు వైపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడిపోయిన బాన్‌ని వదిలేయలేదు, కొన్ని మంత్రిత్వ శాఖలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ లెక్క విన్నప్పుడు గ్యాలరీలో నేనొక్కదాన్నే ముందుకు వంగి విన్నా అనుకుంటా.

ప్రార్థన గది కూడా చూపించారు, ఏ మతం వాళ్ళైనా వెళ్ళి కూర్చోవచ్చు, గ్యుంటర్ యూకర్ అనే ఆయన చేశాడు, నేల మీద చిన్న గట్టు తూర్పు ఎటో చూపిస్తుంది. అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

ఉత్తరం వైపు లోపలి పెరడులో ఉన్నది మాత్రం నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. హాన్స్ హాకే అనే కళాకారుడు 2000లో మొదలుపెట్టింది. ఒక పెద్ద చెక్క తొట్టె, అందులో మట్టి, మధ్యలో పైకి చూస్తూ పెద్ద అక్షరాలు, ఇక్కడ ఉండే జనానికి అని. ఎంపీలందరినీ వాళ్ళ నియోజకవర్గం నుంచి మట్టి తెచ్చి పోయమన్నాడు. ఆ మట్టిలో ఏ విత్తనాలు ఉంటే అవి మొలుస్తాయి, ఎవరూ కలుపు తీయరు, కోయరు. పెట్టాలా వద్దా అని సభలోనే ఓటేస్తే 260కి 258, రెండు ఓట్లతో గట్టెక్కింది. బయట గుమ్మం మీద రాసింది జర్మన్లకి, లోపల రాసింది ఇక్కడ బతికే అందరికీ, వీసా మీద ఉంటున్న నాకు కూడా. ఆ మట్టి చూడగానే 2015 అక్టోబర్ గుర్తొచ్చింది. అమరావతి శంకుస్థాపనకి రాష్ట్రంలో ఊరూరి నుంచి మట్టి, నీళ్ళు తెచ్చారు కదా, మా స్కూల్ నుంచి కూడా మమ్మల్ని ఊరేగింపులో నడిపించారు, చిన్న కుండలో మట్టికి పసుపు కుంకుమ పెట్టి. ఇది నేను చెప్తే గైడ్ ఒక్క నిమిషం ఆగి వివరంగా అడిగింది, ఎన్ని ఊళ్ళు, ఎవరు తెచ్చారు అని. వేల ఊళ్ళు అంటే ఆశ్చర్యపోయింది. మా తమ్ముడు వెనకనుంచి "అక్కా, గా మట్టిల మొక్కలు మొలిచినయా మరి" అన్నాడు. వాడు మామూలుగానే అడిగాడు, నాకు జవాబు దొరకలేదు.

ఇక గోపురం. లిఫ్ట్‌లో పైకప్పు మీదికి తీసుకెళ్ళి వదిలేస్తారు, ఎంతసేపైనా ఉండొచ్చు. పాత గోపురం యుద్ధం తర్వాత పాడైపోయి ఉంటే 1954లో పేల్చేశారు. 90ల్లో ఫోస్టర్ ఇచ్చిన మొదటి డిజైన్‌లో గోపురమే లేదు, పైన పెద్ద పందిరి లాంటిది గీశాడు, గోపురం కావాల్సిందే అని ఎంపీలు పట్టుబడితే ఆయన ఒప్పుకుని దీన్ని ఇచ్చాడు, 1999 ఏప్రిల్‌లో తెరిచారు. పనులు మొదలయ్యే ముందు 1995లో క్రిస్టో, జాన్ క్లోడ్ అనే కళాకారుల జంట బిల్డింగ్ మొత్తాన్ని రెండు వారాలు వెండి రంగు గుడ్డతో చుట్టేస్తే చూడ్డానికి 50 లక్షల మంది వచ్చారంట.

గోపురం 40 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల పైన ఎత్తు, అంతా గాజు, ఉక్కు. మధ్యలో కిందికి దిగిన పెద్ద గరాటు, దాని చుట్టూ 360 అద్దాలు. బయటి వెలుగుని ఆ అద్దాలు కింద సభలోకి పంపిస్తాయి, సభలో వేడెక్కిన గాలి అదే గరాటులోంచి పైకి వచ్చి గోపురం నెత్తిన తెరిచి ఉన్న చోటు నుంచి బయటికి పోతుంది. ఎండ నేరుగా ఎంపీల మొహం మీద పడకుండా ఒక పెద్ద తెర సూర్యుడితో పాటు తిరుగుతుంది. బిల్డింగ్ కింద భూమిలో 300 మీటర్ల లోతున ఎండాకాలం వేడిని దాచి చలికాలం వాడతారు, 60 మీటర్ల దగ్గర చలికాలం చల్లదనం దాచి ఎండాకాలం వాడతారు. నేను చదివేది ఎనర్జీ ఇంజనీరింగే కాబట్టి మా ఇద్దరికీ దీని గురించి చాలాసేపు చెప్పేశాను, పాపం విన్నారు.

లోపలి అంచు వెంబడి రెండు ర్యాంప్‌లు చుట్టుకుంటూ పైకి వెళ్తాయి, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి, ఎదురు తగలరు, వీల్‌చైర్ కూడా పైదాకా వెళ్తుంది. ఆడియో గైడ్ ఫ్రీగా ఇస్తారు, మనం నడిచే చోటుని బట్టి అదే మాట్లాడుతుంది, తెలుగు లేదు. అక్కడ కిందికి చూస్తే గాజులోంచి సభ కనిపిస్తుంది, నీలం కుర్చీలు. వరంగల్ తమ్ముడు ఆగిపోయి "అక్కా, అంటే మంత్రులు కూసున్నప్పుడు మనం వాళ్ళ నెత్తి మీద నడుస్తమా" అన్నాడు. అవును, కావాలనే అలా కట్టారు. జనం పైన, వాళ్ళు ఎన్నుకున్న వాళ్ళు కింద, తలెత్తితే ఎంపీలకి జనం కదలడం కనిపించాలి. తాతయ్య ఫోటోలో చూసింది ఇదే.

వీడియో కాల్ చేశాను. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ సాయంత్రం, తాతయ్య అరుగు మీదే ఉన్నారు. ఫోన్ తిప్పి అద్దాలు, ర్యాంప్, కింద కుర్చీలు, ఒక్కొక్కటీ చూపించా. "వీళ్ళంతా ఎవరమ్మా, ఆఫీసర్లా" అన్నారు. కాదు తాతయ్యా, నాలాంటి వాళ్ళే, చూడ్డానికి వచ్చినవాళ్ళు అన్నా. "నిన్నెవరూ ఆపలేదా" అన్నారు. లేదన్నా. కాసేపాగి, మనది కట్టాక ఇట్లాగే ఉంటుందా అని అడిగారు.

ఫోస్టర్ వాళ్ళు అమరావతి అసెంబ్లీకి గీసిన దాంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది పొడవాటి శిఖరం కాదు, జనం చుట్టూ తిరుగుతూ పైకెక్కి మ్యూజియం, చుట్టుపక్కల అంతా చూసే గ్యాలరీ దాకా వెళ్ళేలా పెట్టిన ర్యాంప్. బెర్లిన్‌లో పెట్టిన ఆలోచనే అక్కడికీ తెచ్చారు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి, 2025 మేలో మళ్ళీ మొదలుపెట్టారు, ఇప్పటికైతే సభ వెలగపూడిలో తాత్కాలిక బిల్డింగ్‌లో జరుగుతోంది. డబ్బులు సరిపోలేదనో, సెక్యూరిటీ అనో ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తే మొదట ఆ ర్యాంప్‌నే తీసేస్తారేమో అని నా భయం. శిఖరం కొంచెం పొట్టిగా ఉన్నా పర్లేదు, పాలరాయి బదులు మామూలు రాయి వేసినా పర్లేదు, కానీ పొలం ఇచ్చిన మనిషి ఆధార్ కార్డు చూపించి, ఏ నాయకుడి లెటర్ లేకుండా లోపలికెళ్ళి పైదాకా నడిచే వీలు మాత్రం ఉండాలి. కట్టాక తలుపు దగ్గర కట్టే తాడు ఎంత గట్టిగా ఉంటుంది అనేది ఆర్కిటెక్ట్ చేతిలో ఉండదు, అది అడిగేవాళ్ళని బట్టి ఉంటుంది, కాబట్టి ఇప్పటినుంచే అడగాలి. నేను తాతయ్యతో కూడా అదే అన్నా, ఉంటుంది తాతయ్యా, లేకపోతే అడుగుదాం అని.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: బుండెస్‌టాగ్ వెబ్‌సైట్‌లోనే రిజిస్టర్ అవ్వాలి, డబ్బులు అడిగే వేరే సైట్ల జోలికి పోకండి, ఇది పూర్తిగా ఫ్రీ. సమ్మర్లో, శని ఆదివారాలు స్లాట్లు తొందరగా అయిపోతాయి, ముందే చూసుకోండి. పాస్‌పోర్ట్ ఒరిజినల్ పట్టుకెళ్ళండి, ఫోన్లో ఫోటో చూపిస్తాం అంటే కుదరదు. పెద్ద బ్యాగులు వద్దు. టూర్‌లో నేలమాళిగ డబ్బాలు ఉంటాయా అని గైడ్‌ని మొదట్లోనే అడగండి, అన్ని గ్రూపుల్నీ అన్ని చోట్లకీ తీసుకెళ్ళరు. రష్యన్ లిపి చదవడం వచ్చిన ఫ్రెండ్ ఉంటే తప్పకుండా తోడు తీసుకెళ్ళండి. సభ నడిచే వారాల్లో గ్యాలరీలో కూర్చుని చర్చ వినడానికి కూడా అప్లై చేసుకోవచ్చు, మాటలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి, నా బీ వన్ (మధ్యస్థాయి) జర్మన్‌తో ఎంత అర్థమవుతుందో చూడాలి, బడ్జెట్ చర్చ ఉన్న వారానికి అప్లై చేశాను.